కోయని పావురం

నాపరాళ్ల గనిలో పదహారేళ్లు రాళ్లు మోశాను. బరువంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రాయికి ఒక మేలుంది, పొద్దు వాలేసరికి దించేస్తావు. నేను చెప్పబోయేది నాలుగేళ్ల పైనుంచి దించలేదు. తింటున్నా అది ఉంది, పడుకున్నా అది ఉంది, మా ఆయన శవానికి నీళ్లు పోసేటప్పుడు కూడా ఉంది.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే ఒకామె రాస్తోంది. నా పేరు రాయొద్దన్నాను. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె అనుకో, చాలు. నువ్వెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే నీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పబోయినప్పుడల్లా నా నోరు వేరే మాట మీదికి పోయింది.

నేరుగా చెప్తాను. మా ఆయనకు పక్షవాతం వచ్చింది. అది ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగితే నేను అబద్ధం చెప్పాను. తెలియక కాదు. తెలిసే చెప్పాను. ఆ మాట వల్ల ఆయనకు ఇవ్వాల్సిన ఇంజక్షన్ ఇవ్వలేదు.

ఇంతే. కానీ ఇంతేనా?

ఆయన గనిలో రాయి చీల్చే మనిషి. ఉలి పెట్టి సుత్తితో కొడితే ఎంత పెద్ద బండయినా పలకలుగా విడిపోయేది. మేస్త్రీలు ఆ కుడిచేతిని మెచ్చుకునేవాళ్లు. ఆ చెయ్యే నా మీదా పనిచేసింది. నా ఎడమ చెవి సరిగ్గా వినపడదు. కింది పళ్లు మూడు లేవు. చిటికెన వేలు వంగదు. కడుపులో రెండోది ఆరో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఒకసారి పుట్టింటికి పారిపోయాను. మాది లింగాల వైపు. మూడో రోజు వచ్చాడు. మా అన్న అరటితోటలో, గెల కింద ఊతం పెట్టే వెదురుబొంగు పీకి, దాంతో కొట్టాడు. దవడ విరిగింది. నోరు మూసుకోదు, రక్తం కారుతూనే ఉంది. కొట్టినవాడే బండి మీద కూర్చోబెట్టుకుని పులివెందులలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఎట్లా తగిలిందని అడిగాడు. మా ఆయన నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్లకు ఎంత ప్రేమో అనిపిస్తుంది. కాలవ గట్టు మీద జారి పడ్డానని విరిగిన దవడతోనే చెప్పాను. డాక్టరు అదే రాసుకున్నాడు. తీగతో దవడ కట్టారు.

తర్వాత శానాసార్లు చెప్పాను. ఎద్దు పొడిచిందన్నాను. రాయి జారిందన్నాను. గొంతు వణకకుండా, డాక్టరు ముఖం చూడకుండా, అతని చెప్పుల వైపు చూస్తూ చెప్పాలి. అప్పుడే నమ్ముతారు. ఆసుపత్రిలో అబద్ధం చెప్పడం నాకు నేర్పింది మా ఆయనే. ఇప్పుడు ఆడమనిషి దెబ్బలతో వస్తే మొగుణ్ణి బయట నిలబెట్టి ఒంటరిగా అడుగుతున్నారని మా ఊరి ఆశా కార్యకర్త చెప్పింది. మంచిదే. నా కాలానికి అది రాలేదు. వచ్చి ఉంటే నిజం చెప్పేదాన్నా? ఏమో. చెప్పేదాన్ని కాదేమో.

ఆ ఆశా అమ్మాయే, మా ఆయనకు పక్షవాతం వచ్చిన ఏడు, ఎండాకాలంలో మమ్మల్ని బడి వరండాలో కూర్చోబెట్టింది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయమంది. నాలుగున్నర గంటల లోపల చేరుకుంటే ఇంజక్షన్ ఉందట, ఇంతకు ముందు మాదిరి కర్నూలుకో తిరుపతికో పరిగెత్తక్కరలేదట, ప్రొద్దుటూరులోనే ఇస్తున్నారట. టైము మాత్రం గుర్తుపెట్టుకోండి అంది, మొదలైన టైము తెలియకపోతే ఇవ్వరు. పావురాన్ని కోసుకుంటూ కూర్చోకండి అని కూడా అంది. అప్పుడందరూ నవ్వారు.

నీకు తెలియకపోవచ్చు, మా వైపు పక్షవాతం వస్తే ముందు పావురం కోసం వెతుకుతారు. మెడ కోసి, వేడి రక్తాన్ని పడిపోయిన చేతికీ కాలికీ రుద్ది, గుడ్డ చుట్టి పడుకోబెడతారు. రక్తం పైనుంచి వేడి లాగుతుందని నమ్మకం. పక్క ఊళ్లో ఒక ముసలాయన అది చేసేవాడు. చుట్టుపక్కల ఆయన ఒక్కడే.

ఆశా అమ్మాయి చెప్పిందంతా నాకు గుర్తుంది. చదువు రానివాళ్లకు జ్ఞాపకం ఎక్కువ. రాసి పెట్టుకోలేం కదా.

రెండు నెలలు గడిచాయి. ఆ రోజు పొద్దున ఎనిమిది. ఎనిమిదని ఎట్లా తెలుసంటే, గని ట్రాక్టరు అప్పుడే మా సందులో హారన్ కొట్టి పోయింది. దాంట్లో పోవాల్సినవాడు ఆ రోజు పోలేదు, రాత్రి తాగింది దిగలేదు. సంగటి పెట్టాను, చెనక్కాయల ఊరిమిండి, అదే పచ్చడి, వేశాను. ఉప్పు ఎక్కువైంది. పళ్లెం నా ముఖానికేసి కొట్టాడు. లేచి జుట్టు పట్టుకుని తలను గోడకు రెండుసార్లు మోదాడు. ముక్కులోంచి రక్తం నోట్లోకి వచ్చింది. బూతులు తిడుతున్నాడు, వీధి అంతా వినపడేట్టు. పొయ్యి దగ్గరున్న కట్టె తీసుకున్నాడు. నేను మూలలో ముడుచుకుని తల మీద రెండు చేతులూ పెట్టుకున్నాను. దెబ్బ ఎక్కడ పడుతుందో చూసుకునే అలవాటు పోయి శానాళ్లయింది. కళ్లు మూసుకుని లెక్క పెట్టుకునేదాన్ని.

ఆ దెబ్బ పడలేదు.

చూశాను. కట్టె ఆయన చేతిలోంచి జారుతోంది. ఎత్తిన చెయ్యి తడిగుడ్డ మాదిరి కిందికి వాలిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. ఆయన నన్ను చూడలేదు, తన చేతిని చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. తర్వాత కాలు మడతపడి, సంగటి మీదే పక్కకు ఒరిగాడు. "బ, బ" అంటున్నాడు. అదొక్కటే వస్తోంది.

మూతి, చెయ్యి, మాట. మూడూ ఉన్నాయి. ఆశా అమ్మాయి వేలు మడిచి చెప్పినవి మూడూ నా కళ్ల ముందు ఉన్నాయి.

నేను ఏం చేశానో చెప్తాను. కూర్చున్నాను. కొంగుతో ముక్కు తుడుచుకుని, గోడకు ఆనుకుని, ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీది నీళ్లు మరిగి సగమయ్యాయి. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఆ ఇంట్లో నేను భయం లేకుండా కూర్చున్నది ఆ కాసేపే. ఇది చెప్పడానికి సిగ్గుపడాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయని పక్కింటి ఓబులమ్మ పెద్దమ్మ వచ్చి చూసింది. ఆమే ఫోన్ చేసింది. 108 వచ్చింది. బండిలో వచ్చినతను ఎప్పుడు మొదలైందని అడిగాడు. చెవిటిదానిలా ఊరుకున్నాను. అది మరీ అబద్ధం కాదు, ఒక చెవి ఆయన పుణ్యమే కదా.

పది కొట్టేసరికి ప్రొద్దుటూరులో ఉన్నాం. అంటే రెండు గంటలు. ఇంకా రెండున్నర ఉన్నాయి. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. వాళ్ల తప్పు ఆవగింజంత కూడా లేదు. లోపలికి తీసుకుపోయినవాళ్లు పరుగే, నెత్తురు తీసినవాళ్లు పరుగే. ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది, కోస్తా వైపు మనిషి. వచ్చీ రాగానే నన్నడిగింది అదే.

"అమ్మా, ఇది ఎన్ని గంటలకు మొదలైంది?"

ఆయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. కుడిచెయ్యి పక్కకు వేలాడుతోంది. ఎవరో దాన్ని ఎత్తి పొట్ట మీద పెట్టారు, అది మళ్లీ జారింది.

"రాత్రి మేడం" అన్నాను.

"రాత్రి ఎప్పుడు?"

"పనుకునేటప్పుడే చెయ్యి తిమ్మిరనె. తెల్లారి లేసి చూస్తే ఇట్లుండె."

"మరి ఇంతసేపూ ఏం చేశారు?"

దొరికిపోయాననుకున్నాను. అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పావురం వచ్చి నా నాలుక మీద వాలింది.

"పావురాన్ని కోసి రెత్తం రుద్దినాం మేడం. ఇప్పుడే కడిగి తోడుకొచ్చినాం."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు" అంది. రక్తం తీస్తున్న నర్సు ఈ ఊరి మనిషే, నవ్వింది. "పోయిన వారం ఒకాయనకు నల్లకోడి రుద్దినారు మేడం, ఈయప్పకు పావురం. మనిషికి తగిన పిట్ట." నా ముఖం వాచి ఉందని చూసి డాక్టరమ్మ అదేమిటని అడిగింది. ఆయన్ను లేపబోయి పడ్డానన్నాను. అది కూడా నమ్మింది. చదువు రానిదాన్ని, పావురాలు కోసేదాన్ని. నేను ఏది చెప్పినా నా మాదిరి మనిషి చెప్పినట్టే ఉంటుంది.

అక్కడితో అయిపోయి ఉంటే బెదిరి చెప్పానని అనుకోవచ్చు. కాలేదు. తలకు స్కానింగు తీశారు. దాన్ని ఫోన్లో ఎక్కడో పెద్ద ఊళ్లో ఉన్న డాక్టరుకు చూపించి మాట్లాడింది. తిరిగి వచ్చి, గోడవారన కింద కూర్చున్న నా పక్కన తనూ మోకాళ్ల మీద కూర్చుంది. ఏ డాక్టరూ నా ఎత్తుకు దిగి మాట్లాడింది లేదు, అంతకు ముందు.

"ఒక్కసారి బాగా గుర్తు చేసుకోమ్మా. రాత్రి నుంచి అయితే స్కానింగులో ఈపాటికి మచ్చ కనిపించాలి. లేదు. పొద్దున ఆయన లేచి తిరగడం, మాట్లాడటం, ఎవరైనా చూశారా? ఒక్కరు చూశామన్నా ఇంజక్షన్ ఇస్తాను. టైము తెలియకుండా ఇస్తే మెదడులో రక్తం కారి ప్రాణం పోవచ్చు. అందుకే అడుగుతున్నాను."

మాతో పాటు బండిలో వచ్చిన ఓబులమ్మ పెద్దమ్మ నా వెనకే ఉంది. ఆ పొద్దున ఆయన తిట్టిన ప్రతి బూతూ గోడ అవతల ఆమె వింది. ఆమె ఊపిరి నా మెడ మీద తగులుతోంది. ఆయనకు మాట పోయింది కానీ వినికిడి పోలేదు. అంతా విన్నాడు. ఎడమచేత్తో స్ట్రెచర్ కమ్మీని దబదబా కొట్టడం మొదలుపెట్టాడు. "బ, బ, బ." ఆ కళ్లను నేను అంతకు ముందు చూశాను. ఎక్కడ? అద్దంలో. దెబ్బకు ముందు నా కళ్లు అవి.

"లేదు మేడం. రాత్రే" అన్నాను.

డాక్టరమ్మ లేచి, "పేషెంటు గాబరా పడుతున్నాడు, చెయ్యి పట్టుకోండి" అని నర్సుకు చెప్పింది. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి రోజు, ఆయన్ను ఆసుపత్రిలోనే ఉంచి, బట్టలు తెచ్చుకోవడానికి బస్సులో ఊరికి వస్తున్నప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"పొద్దున నీ మొగుడు అరిచినట్టుండె గదమ్మీ."

"అరిచినాడు పెద్దమ్మా."

"నాకూ చెవుడొచ్చినట్టుండాదిలే. ఇంటికి పోయి ఇంత తిను."

పోయిన ఏడు ఆమె చనిపోయింది. ఈ సంగతి తెలిసిన ఒక్క మనిషీ పోయింది.

ఎందుకు చెప్పాను? చావాలని కాదు. ఇది నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పే మాట కాదు, ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఇదే కనిపిస్తుంది. నాకు ఆ చెయ్యి చావాలి. ఆయన ఉండాలి, ఇంటి ముందు కూర్చోవాలి, బీడీ తాగాలి, ఆ చెయ్యి మాత్రం మళ్లీ లేవకూడదు. ఇంజక్షన్ ఇస్తే అది లేస్తుంది. నాకు అప్పుడు తెలిసింది అంతవరకే. చేతితో పాటు కాలూ మాటా పోతాయని, మలమూత్రాలు కూడా మంచంలోనే అవుతాయని నేను లెక్క వేయలేదు. వేసి ఉంటే ఆగేదాన్నా? ఇంజక్షన్ ఇచ్చినా అందరూ లేవరని ఆశా అమ్మాయి తర్వాత చెప్పింది. ఆ మాట వెనక శానా రోజులు దాక్కున్నాను. ఇచ్చినా లేచేవాడు కాదేమో, ఇచ్చినా లేచేవాడు కాదేమో అని. అది దేవుడు చూసుకోవాల్సిన లెక్క. ఇవ్వనీయకుండా చేసింది నేను.

రెండేళ్ల పైన బతికాడు. నేనే తినిపించాను, నేనే కడిగాను. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఇంత కొట్టినవాడికి ఇంత చేస్తోందని. వాళ్లకు తెలియనిది ఇంకొకటుంది. ఒకరోజు తినిపిస్తుంటే అన్నం నా ముఖాన ఊశాడు. నేను లేచి, పప్పుగుత్తి తెచ్చి, ఆ కుడిచేతిని మంచం పట్టె మీద పెట్టి కొట్టాను. దానికి నొప్పి తెలియదనుకున్నాను. వేళ్ల దగ్గర తోలు చిట్లింది. ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నొప్పి తెలుస్తోందని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకోసారి కొట్టాను.

ఒకరోజు అన్నాను కదా. కాదు. మూడు రోజులు. మూడు వేర్వేరు రోజులు.

ఆ చేతిని చూసి నా బిడ్డ అడిగితే, మంచం కోడుకు కొట్టుకుందన్నాను. నా బిడ్డకు వాళ్ల నాయనంటే ప్రాణం. దాని మీద ఆయన ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. ముద్దనూరులో పెళ్లి చేసి ఇచ్చాం. వచ్చినప్పుడల్లా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేది. "తెలివి లేకపాయ గదమ్మా నీకు, ఆ పావురం ల్యాకుంటే నాయన లేసి తిరుగుతాండు" అనేది. నేను తల వంచుకునేదాన్ని.

ఆ ఏడుపు చూడలేక మా అల్లుడు తాగి, ఇద్దరిని వెంటబెట్టుకుని పక్క ఊళ్లోని ఆ ముసలాయన ఇంటికి పోయాడు. పావురాలు కోసేది ఆయన ఒక్కడే కదా. ఇంట్లోంచి ఈడ్చి, గడపలోనే కట్టెలతో కొట్టారు. గూళ్లు పగలగొట్టి, ఉన్న పావురాలన్నిటికీ మెడలు విరిచి ఆయన మీద విసిరారు. ముసలాయన భుజం ఎముక విరిగింది. అల్లుడు మా ఇంటికి వచ్చి చొక్కా మీది రక్తం కడుక్కుంటూ చెప్పాడు. "మీరెవురో తెలీదంటాండాడత్తా. ఆయప్ప నా కాడికి రానే లేదు, నేను తాకనే లేదు అని దేవుని మీద ప్రమాణం చేస్తాండాడు. ముసలినాకొడుకు, కొడతాంటే కూడా అబద్ధమే."

నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను అల్లుడి చేతుల మీద. పోస్తూనే ఉన్నాను.

ముసలాయన కేసు పెట్టలేదు. పెద్దవాళ్లు సర్దారు. ఆ భుజం ఇప్పుడు పైకి లేవదు. మా ఆయన పోయాక ఒకసారి జమ్మలమడుగు బస్టాండులో నాకు ఎదురుపడ్డాడు. గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, "నువ్వు నా కాడికి ఎప్పుడొచ్చినావు తల్లీ? నాకు గ్యాపకం రావడం ల్యా" అని. తన జ్ఞాపకమే చెడిపోయిందేమోనని ఆ ముసలి మనిషి తనను తాను అనుమానించుకుంటున్నాడు. నేను ఎదురుగా ఆగిన బస్సు ఎక్కాను. అది ఎక్కడికి పోతుందో కూడా చూడలేదు.

ఇంకా ఉంది. ఆశా అమ్మాయి నన్ను మీటింగులకు తీసుకుపోతోంది. "పెద్దమ్మా, నేను పదిసార్లు చెప్తే వినరు, నువ్వు ఒక్కసారి పావురం కథ చెప్తే వింటారు" అంటుంది. మూడు ఊళ్లలో చెప్పాను. ఏ రంగు పావురం అని ఒకామె అడిగితే, బూడిద రంగు అన్నాను. కలమల్ల వైపు ఒకామె, నా కథ విన్న నెలకే మొగుడికి మూతి లాగితే, క్షణం ఆగకుండా ప్రొద్దుటూరుకు చేర్చింది. ఇంజక్షన్ ఇచ్చారు. నాలుగో రోజు ఆయన తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వచ్చాడు. వాళ్లిద్దరూ టెంకాయ, చీర పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆమె నా కాళ్లకు మొక్కింది. ఆయన కుడిచేత్తో నాకు దండం పెట్టాడు. ఆ చేతిని చూడలేక లోపలికి పోయాను.

ఒక ప్రాణం నిలబడింది కదా, దానికీ దీనికీ చెల్లు అనుకోవచ్చా? ప్రయత్నించాను. చెల్లు కాలేదు. ఆ నిలబడిన చేతికి నేను పుణ్యాత్మురాలిని. ఆ ముసలాయన భుజానికి ఏమవుతాను? మంచంలో కళ్ల నీళ్లు చెవుల్లోకి కారినవాడికి ఏమవుతాను? ఆయన నన్ను కొట్టింది నిజం. నేను చేసింది కూడా నిజం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఇంకొకదాన్ని తుడిచేయడం లేదు. రెండూ అట్లాగే ఉన్నాయి.

ముసలాయన దగ్గరికి పోతానా? నా బిడ్డకు చెప్తానా? చెప్తే అది నా గడప తొక్కదు. ఇప్పుడు మాట ఇవ్వలేను. ఇచ్చిన మాటలు నిలబెట్టుకునే మనిషినయితే ఇదంతా ఉండేదే కాదు.

రాస్తున్నామె ఇక్కడ కలం ఆపి అడిగింది, ఆయన కొట్టిన దెబ్బల గురించి ఇంకొంచెం రాద్దామా, ఆ పప్పుగుత్తి సంగతి తీసేద్దామా, చదివేవాళ్లకు నీ మీద జాలి కలుగుతుంది అని. వద్దన్నాను. మొదటి నుంచి మొత్తం ఒకసారి చదివి వినిపించమన్నాను. చదివింది. విన్నాను. నడుమ ఎక్కడా ఆపమనలేదు.